అల్లుడు బాగుచేసిన సత్తు పడవ

గూడెంలో మా అమ్మాయి వాళ్ళ వీధిలోకి పడవ వచ్చిన రోజు నేను గుమ్మం దాటలేదు. తలుపు చాటున నిలబడి చూశాను. ట్రక్కు ఆటో మీద బోర్లా వేసి తాళ్ళతో కట్టి తెచ్చారు. ముందు కొస డ్రైవరు నెత్తి మీదికి, వెనక కొస రోడ్డు మీదికి వచ్చేసింది. అడుగున కొల్లేటి నాచు ఎండిపోయి పట్టుకుని ఉంది. వీధిలో వాళ్ళంతా బయటికొచ్చారు. తాడేపల్లిగూడెంలో ఆ వీధికి దగ్గర్లో ఉన్న నీళ్ళంటే మునిసిపాలిటీ కుళాయే.

"ఏవండీ, వరదొస్తుందని కబురేమన్నా వచ్చిందాండీ?" అని ఎదురింటాయన మా అల్లుణ్ణి అడిగాడు.

"వస్తే మీక్కూడా చోటుంచుతాలెండి," అన్నాడు మా అల్లుడు.

అందరూ నవ్వారు. మా వియ్యపురాలు నవ్వలేదు. నా వైపు తిరిగి, "వదినగారూ, వాకిట్లో ముగ్గెయ్యడానికి చోటేమన్నా మిగుల్తుందంటారాండీ?" అంది. ఆవిడ గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అండీ లేకుండా ఒక్క మాట అనదు. అంత మర్యాదగా అంటే ఇంక మనం ఏం తిరిగి అంటాం. తల దించుకుని లోపలికి పోయాను.

నేనా ఇంట్లో ఎందుకున్నానో ముందు చెప్పాలి. మాది కొల్లేటికోట దగ్గర లంక ఊరు. నాకు సంతకం వరకే వచ్చు, నేను చెబుతుంటే వేరే వాళ్ళు రాస్తున్నారు. మా ఆయన చేపలు పట్టేవాడు. ఏలూరులో పాతసామాన్ల కొట్లో ఒక సత్తు పడవని తూకానికి అమ్ముతుంటే కొనుక్కొచ్చాడు. అల్యూమినియం అంటారు, మేం సత్తు అనే అంటాం. ఊళ్ళో అందరివీ తాటి దోనెలు, ఇనప పడవలు. మాదొక్కటే తెల్లగా మెరుస్తుండేది. "అన్నం వండుకోవచ్చత్తా అందులో," అని కుర్రాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయనకి నడుము పట్టేశాక పడవ తోసే గెడ నేనే వేసేదాన్ని. ఆయన ముందు కూర్చుని వల చూసుకునేవాడు. పచ్చకామెర్లు ముదిరి ఆయన పోయాడు. కర్మలయ్యాక మా అమ్మాయి నన్ను ఒంటరిగా వదలనని చెప్పి గూడెం తీసుకెళ్ళింది. పడవ చెరువుగట్టు మీద బోర్లా పడి ఉండిపోయింది.

కూతురింట్లో తినే అన్నం ఎలా ఉంటుందో తిన్నవాళ్ళకి తెలుస్తుంది. ఎవరూ ఏమీ అనకపోయినా అది గొంతులో ఆగుతుంది. పైగా మా వైపు ఒక పద్ధతి ఉంది. అత్త అల్లుడి ఎదట కూర్చోదు. ఎదురుపడి మాట్లాడదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే కూతురికి చెబుతుంది, కూతురు మొగుడికి చెబుతుంది. ఇప్పటి వాళ్ళు నవ్వుతారు. ఆ వీధిలోనే అత్తా అల్లుడూ పక్కపక్కన కూర్చుని టీవీ చూసే ఇళ్ళున్నాయి. నాకది చేతకాలేదు. మా అమ్మ అలా చెయ్యలేదు, నేనూ చెయ్యలేను.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదికి ఆనుకుని మా అల్లుడి గ్రిల్స్ వెల్డింగు షెడ్డు. ఆయన లోపలికొస్తే నేను వంటింట్లోకి, ఆయన వంటింటి వైపు వస్తే నేను దొడ్లోకి. ఒకరోజు వాన పడుతుంటే ఆయన భోజనానికి కూర్చున్నాడు. నేను దొడ్లో చూరు కింద నిలబడ్డాను. చూరు చిన్నది. ఆయన చెయ్యి కడుక్కోవడానికి దొడ్డి గుమ్మంలోకొచ్చి, తడిసిపోయిన నన్ను చూసి, గబుక్కున వెనక్కి తిరిగి లోపలికి పోయాడు. ఎంగిలి చేత్తోనే పోయాడు పాపం. ఆ తర్వాత మా అమ్మాయి నా మీద విరుచుకుపడింది.

"నీ పద్ధతులతో మా పరువు తీస్తున్నావమ్మా. ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు. నిన్ను బయట నిలబెట్టి తిన్నానని."

అప్పుడనుకున్నాను, నేనింక ఇక్కడ ఉండకూడదని. కానీ ఎక్కడికి పోతాను. ఊళ్ళో ఇల్లుంది గానీ పొయ్యి వెలిగించుకునే దారి ఉండాలి కదా.

అలాంటప్పుడు మా ఊరి పిల్ల ఒకతె ఫోను చేసింది. మా ఊళ్ళో పెద్ద చెరువు వేలంలో పాడుకున్నాయన మేత కట్టడానికి మనిషిని వెతుకుతున్నాడట. మేత కట్టడమంటే, చెరువు నిండా బాదులు, అంటే వెదురు కర్రలు, పాతి ఉంటాయి, తౌడు సంచులకి చిల్లులు పొడిచి ఒక్కో బాదుకీ ఒక్కోటి కట్టాలి. బొచ్చె చేపలూ శీలావతులూ వచ్చి ఆ చిల్లుల్ని పొడుచుకు తింటాయి. రోజూ పొద్దున్నే పడవ మీద తిరిగి కట్టాలి. "పడవ మనదయితే పని మనకేనంట పిన్నీ. మీ సత్తు పడవ ఉంది కదా," అంది.

పడవ ఉంది. కానీ ఎలా ఉంది? కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతున్నాయి. గేదె ఒళ్ళు రుద్దుకుని ఒక పక్క సొట్ట పెట్టింది. అయినా నేను ఆ రోజంతా అదే ఆలోచించాను. ఆ పని దొరికితే నా ఇంటికి నేను పోతాను. దొరక్కపోతే ఈ దొడ్లోనే, ఈ చూరు కిందే. మా అమ్మాయికి చెప్పాను. మా అమ్మాయి మొగుడికి చెప్పింది. ఆయన మర్నాడే వెళ్ళి పడవని ట్రక్కు ఆటో ఎక్కించుకొచ్చాడు. అడిగినందుకు నాకే సిగ్గేసింది. ఉన్నచోట ఉండక, అల్లుడి చేత పడవ మోయించిన అత్తని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

వాకిట్లో ఇనప స్టాండ్ల మీద పెట్టి లోపల చూస్తే, అడుగు చెక్క మెత్తగా కుళ్ళిపోయి ఉంది. బల్లల కింద పడవ తేలడానికి పెట్టిన థర్మాకోల్ నీళ్ళు తాగి రాయిలా బరువెక్కింది. మా ఆయన ఎక్కడ కారితే అక్కడ తారు పూసి గుడ్డ అంటించాడు. రెండు చోట్ల ఇనప బోల్టులు బిగించాడు. ఆ బోల్టుల చుట్టూ సత్తు తెల్లగా పిండిలా రాలిపోతోంది. మా అల్లుడు బోల్టు పీకితే దాని చుట్టూ రేకు కూడా ఊడొచ్చింది.

"ఇదేం పని. ఇనుమూ సత్తూ ఒకచోట తడిలో పెడితే ఇనుము సత్తుని తినేస్తుంది," అన్నాడు, గాల్లోకి చూసి. మా అమ్మాయికి చెప్పినట్టు.

పోయిన మనిషి చేసిన పనిని అల్లుడు వేలితో రాలుస్తుంటే, మా ఆయన తరఫున నేను సిగ్గుపడ్డాను. మా ఆయనకేం తెలుసు. నీళ్ళు రాకుండా ఉంటే చాలనుకున్నాడు.

మొదట మా అల్లుడు వెల్డింగు పెట్టి చూశాడు. ఇనుముకి పెట్టినట్టే పెట్టాడు. సత్తు వెన్నలా జారిపోయి, వేలు దూరే చిల్లు పిడికిలి దూరే చిల్లయింది. ఎదురింటాయన అక్కడే కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"బావుందండీ. ఇప్పుడు నీళ్ళు తేలిగ్గా లోపలికొచ్చి తేలిగ్గా బయటికి పోతాయండీ."

మా అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూట ఇంకేం ముట్టుకోలేదు. మర్నాడు ఏలూరు వెళ్ళి సత్తు రేకూ, సత్తు రివెట్లూ, తెల్ల జిగురు ట్యూబులూ తెచ్చాడు. అతుకు వేసి రివెట్లు కొట్టడమే దారి అన్నాడు.

ఎక్కడెక్కడ కారుతుందో తెలియాలంటే పడవ నిండా నీళ్ళు పోసి కింద నుంచి చూడాలట. నేను పడవలో నీళ్ళు తోడి పారబోసిన దాన్నే గానీ పోసిన దాన్ని కాదు. కుళాయికి గొట్టం తగిలించి వాకిట్లో పడవ నింపుతుంటే పక్కింటి వాళ్ళు బిందెలు పట్టుకొచ్చి గొడవ. "తాగడానికి లేవండీ, మీరు పడవకి తాగిస్తున్నారు," అని. మా వియ్యపురాలు వాళ్ళకి సర్దిచెప్పింది. నన్నేమీ అనలేదు. "వదినగారికి వాళ్ళ ఊరి మీద బెంగండీ, ఏం చేస్తాం, పెద్దవాళ్ళు," అంది. నా మొహం పడవ అడుగుకి తిప్పుకుని, బొగ్గుముక్కతో తడి కనిపించిన చోటల్లా గీతలు పెట్టాను. పెట్టేకొద్దీ గీతలే.

రివెట్టు కొట్టడానికి ఇద్దరు కావాలి. పడవని మళ్ళీ బోర్లా వేసి, పైనుంచి ఒకరు సుత్తితో కొడుతుంటే, కింద నుంచి ఒకరు ఇనప దిమ్మ అదిమి పట్టాలి. దిమ్మ కదిలితే రివెట్టు వంకరపోతుంది. షెడ్డులో పనిచేసే మనిషి పెళ్ళికని ఊరెళ్ళాడు. మా అమ్మాయి పట్టింది గానీ నాలుగు దెబ్బలకే చెయ్యి జారింది. మా వియ్యపురాల్ని అడిగేది లేదు. ఇంక మిగిలింది నేను.

దిమ్మ పట్టడానికి చీర పైకి దోపి గొంతుక్కూర్చోవాలి. మా ఊళ్ళో నీళ్ళల్లో దిగే ఆడవాళ్ళం అలాగే దోపుకుంటాం, ఎవరూ చూడరు. గూడెం వీధిలో, అల్లుడి ఎదట, అలా దోపుకుని పడవ కిందికి దూరాలంటే నావల్ల కాలేదు. మా అమ్మాయి ఒక పాత దుప్పటి తెచ్చి పడవ చుట్టూ వేలాడదీసింది. నేను దాని వెనక నుంచి లోపలికి పాకాను. లోపల చీకటి, ఉక్క, తారు వాసన. పై నుంచి ఆయన అడిగాడు.

"పట్టారాండీ?"

ఆయన నన్ను నేరుగా ఒక మాట అడగడం అదే మొదలు. నేను జవాబుగా దిమ్మతో రేకు మీద టకామని కొట్టాను. ఆయన సుత్తి దించాడు. ఆ మోతకి పళ్ళు కదిలాయి. నీళ్ళ కింద పిడుగు పడ్డట్టుంది. ఆ పూటంతా అలాగే. ఆయన అడగడం, నేను టకామనడం, దెబ్బ.

రెండో పూటకి నా చెయ్యి తిమ్మిరెక్కి, దిమ్మ రివెట్టు మీద ఉందో పక్కన ఉందో తెలియకుండా పోయింది. ఆయన "పట్టారాండీ?" అన్నాడు. టకామనడానికి చెయ్యి లేవలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. ఇంకోసారి అడిగాడు. ఇంక తప్పక, "ఆగండి బాబూ," అన్నాను.

పైన సుత్తి కింద పెట్టిన చప్పుడయింది. నేను మాట్లాడినందుకు నేనే బిగుసుకుపోయాను. తర్వాత మెల్లగా ఆయన అన్నాడు, "చెయ్యి దులుపుకోండి. తొందరేం లేదు."

అక్కణ్ణుంచి మాటలు మొదలయ్యాయి. నేను ఆయనతో మాట్లాడలేదు, రేకుతో మాట్లాడాను. ఆయనా అంతే. మధ్యలో సత్తు ఉంది కాబట్టి ఎదట పడ్డట్టు కాదనుకున్నాను. మా అమ్మాయి టీ తెచ్చి, పడవకి అటూ ఇటూ మేం మాట్లాడుకోవడం విని గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బల్లల గురించి అక్కడే తేల్చుకున్నాం. నాకు మూడు బల్లలూ తీసెయ్యాలి, సంచులు పరుచుకోవడానికి అడుగు చదునుగా ఉండాలి. "బల్లలు తీసేస్తే పక్కలు అల్లల్లాడతాయండీ. పడవకి అవే నడుము," అన్నాడాయన. నిజమేననుకున్నాను. చివరికి మధ్య బల్ల తీసేసి, దాని చోట అడుగునంటి సత్తు యాంగిలు అడ్డంగా వేసి, పైన మందపాటి రేకు పరిచాడు. వెనక బల్ల కూడా కోసి పొట్టిది చేశాడు. ముందు కొస మీద సంచి ఆనించి కట్టుకోవడానికి చిన్న అరుగులాంటిది పెట్టాడు. బోల్టులన్నీ పీకేసి సత్తు రివెట్లే కొట్టాడు. వరసగా, ఎడం తప్పకుండా, గ్రిల్లుకి పువ్వులు పెట్టినట్టు. ఇంత సొగసు మేత పడవకెందుకు బాబూ అందామనుకున్నాను, అనలేదు.

ఒకసారి సుత్తి ఆపి ఆయన అన్నాడు, "మా అమ్మ మాటలు మనసులో పెట్టుకోకండి. మీరిక్కడే ఉండొచ్చు. మిమ్మల్ని పొమ్మని ఎవరూ అన్లేదు."

నేను ఎవరికీ తెలియదనుకుని మింగిన మాటలన్నీ ఆయనకి తెలుసన్నమాట. నేనెందుకు పోతానంటున్నానో తెలిసే, నేను పోవడానికి కావలసిన పడవని కూర్చుని బాగుచేస్తున్నాడు. దిమ్మ తీసి రేకుకి ఆనించి టకామనిపించాను. ఆయన ఇంకేం అడగకుండా సుత్తి దించాడు. ఆ చీకట్లో ఏడ్చింది ఎవరికీ కనిపించలేదు, ఆ మోతలో వినిపించలేదు. ఈ ముక్క రాయొద్దందామనుకుని ఊరుకున్నాను.

పడవా నేనూ మా ఊరు చేరాం. చెరువు పాడుకున్నాయన, "రేపు పొద్దున ఒక చుట్టు మేత కట్టి చూపించండి. పడవ బరువు మోస్తే పని మీదే," అన్నాడు. మర్నాడు పొద్దున్నే గట్టు మీద ఊరంతా ఉంది. మా అమ్మాయీ అల్లుడూ మొదటి బస్సుకే వచ్చారు. సత్తు పడవ మళ్ళీ నీళ్ళల్లో దిగుతోందంటే వేడుకే కదా. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నేను దూరంగా బాదులు పేర్చిన చోట నిలబడ్డాను. మా ఊళ్ళో కొత్త పడవయినా, బాగుచేసిన పడవయినా, మొదట ఇంటి మగవాడు ఎక్కి ఒక చుట్టు తిరిగి రావాలి. మొగుడు పోయిన ఆడది మొదట అడుగుపెట్టకూడదు. నాకది తెలుసు. ఎవరో ఒక చుట్టం కుర్రాడు ఎక్కుతాడులే అనుకున్నాను.

ఊరి పెద్దాయన మా అల్లుణ్ణి చూసి, "కొడుకులేని ఇంటికి అల్లుడే కొడుకు. మీరెక్కండి బాబూ," అన్నాడు.

మా అల్లుడు పుట్టింది గూడెంలో, పెరిగింది గూడెంలో. ఇనుము తెలుసు. నీళ్ళు తెలియవు. పైగా కోసిన వెనక బల్ల పొట్టిది, కూర్చుంటే గెడ అందదు. నిలబడి వెయ్యాలి. నిలబడాలంటే కాళ్ళు ఎడంగా పెట్టి, మధ్యలో ఉండి, గెడ బురదలో దిగబడగానే మెలితిప్పి లాగాలి. దిగబడిన గెడని పట్టుకుని వేలాడితే పడవ మన కాళ్ళ కింద నుంచి పోతుంది. లంకల్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. కానీ ఊరందరి ఎదటా నేను అల్లుడితో ఎలా మాట్లాడను. మా అమ్మాయిని పిలిచి చెవిలో చెప్పాను. అది వెళ్ళి చెప్పింది. ఎలా చెప్పిందంటే, "ఏవండీ, జాగ్రత్తంట, మా అమ్మ చెప్పమంది."

"చేసింది నేనే కదా," అన్నాడాయన నవ్వుతూ. "దీని సంగతి నాకు తెలీదా?"

సంచులు కూడా ముందు కొస మీద ఎక్కువ పేర్చారు. అరుగు సొగసుగా ఉందని దాని నిండా పేర్చేశారు. నేను అక్కణ్ణుంచి చూస్తూ, వెనక్కి జరపండి, మధ్యకి జరపండి అని లోపల్లోపల అనుకుంటున్నాను.

నాలుగు బాదుల దూరం బాగానే పోయాడు. గట్టు మీద వాళ్ళు, "బాబుగారు పట్టేశారండీ," అన్నారు. ఆ మాటకి ఆయన ఇంకాస్త గట్టిగా గెడ దించాడు. అది బురదలో దిగబడింది. ఆయన లాగాడు. రాలేదు. వదల్లేదు. పడవ ముందుకి పోతోంది, ఆయన గెడతో వెనకే ఉండిపోతున్నాడు. మనిషి విల్లులా వంగిపోయాడు. సంచులు ఒక పక్కకి జారాయి, పడవ ఒరిగింది, ఆయన గెడ మీంచి నీళ్ళల్లో పడ్డాడు. ముందు జనం నవ్వారు. ఒకసారి తల పైకొచ్చి మునిగేసరికి నవ్వు ఆగింది. అక్కడ నిలువు మించిన లోతు. ఆయనకి ఈత రాదు.

నేనెప్పుడు పరిగెత్తానో, చీర ఎక్కడికి దోపానో నాకు తెలియదు. నీళ్ళల్లో పడి ఈదాను. పడవ అంచు పట్టుకుని ఆయన వైపు నెట్టుకెళ్ళాను. ఆయన చేతులు కొట్టుకుంటూ నన్ను కూడా కిందికి లాగబోయాడు.

"ఒరేయ్, కొట్టుకోకురా. అంచు పట్టుకో. నన్నొదిలి అంచు పట్టుకోరా."

ఆ గొంతు నాదే. వలలు వేసే చోట మగవాళ్ళతో కేకలేసే గొంతు. ఊరంతా విన్నది. ఆయన అంచు పట్టుకున్నాడు. నేను చొక్కా కాలరు పట్టుకుని గట్టు దాకా లాక్కొచ్చాను. గేదె దూడని లాక్కొచ్చినట్టు. గట్టు మీద ఆయన దగ్గుతూ కూర్చున్నాడు. మా అమ్మాయి ఏడుస్తూ వీపు రుద్దుతోంది. నేను నా తొడల దాకా ఉన్న చీర చూసుకుని మళ్ళీ నీళ్ళల్లోకి దిగిపోయాను. ఇంక పైకి ఏ మొహంతో రాను.

నీళ్ళల్లోకి దిగాక చేసేదేముంది. తేలుతున్న సంచుల్ని ఒక్కొక్కటే పడవలోకి లాగాను. గెడ మెలితిప్పి పీకాను. పడవెక్కాను. బరువు మధ్యకి సర్దుకుని బాదుల వెంబడి కట్టుకుంటూ పోయాను. తడి తౌడు చేతులకి అట్టలు కట్టింది. గట్టు వైపు చూడలేదు. చెరువు చుట్టూ కట్టేసి వచ్చేసరికి చాలామంది వెళ్ళిపోయారు. చెరువాయన మాత్రం ఉన్నాడు. వంగి పడవ లోపల చూశాడు.

"ఒరిగినప్పుడు ఎక్కిన నీళ్ళే ఉన్నాయి. కారిందేం లేదు," అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "రేపట్నుంచి వచ్చెయ్యమ్మా," అన్నాడు.

పని దొరికింది. దాని కోసమే కదా ఇదంతా. ఆ మాట విన్నప్పుడు సంతోషం వేయాలి. నా చెవుల్లో మాత్రం ఒరేయ్ అన్న నా గొంతే ఉంది. ఎవరో ఆడమనిషి వెనక నుంచి అంటోంది, "గూడెం బాబుగారు గెడ మీద జెండాలా ఎగిరారే." ఇంకొకావిడ, "అత్తేమో కాలరట్టుకు ఈడ్చుకొచ్చింది. చూశావా, ఒరేయ్ అంట." నా కూడు నేను తినడానికి అల్లుణ్ణి ఊరికి నవ్వులపాలు చేశాను.

ఇంటికెళ్తే ఆయన అరుగు మీద వణుకుతూ కూర్చున్నాడు. మార్చుకోవడానికి బట్టలు తెచ్చుకోలేదు. అల్లుడు మన గుమ్మం ఎక్కితే కొత్త బట్టలు పెట్టాలి. నా దగ్గర తువ్వాలు కూడా లేదు. పక్కింటి లుంగీ అడిగి తెమ్మని మా అమ్మాయిని పంపబోయాను. అప్పుడు అరుగు మీద నుంచి ఆయనే పిలిచాడు.

"అత్తయ్యగారూ. మావయ్యగారి పంచె ఏదన్నా ఉంటే ఇప్పించండి."

నేనూ మా అమ్మాయీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పోయిన మనిషి బట్ట. ఎవరూ కట్టరు, ఎవరికీ ఇవ్వరు. ఒక్కటే దాచుకున్నాను, పెట్టెలో అడుగున. "వద్దండీ, పక్కింటి నుంచి తెస్తాను," అంది మా అమ్మాయి.

"అడిగింది నేనే కదా. ఊరోళ్ళ లుంగీ కట్టుకుని ఇంకోసారి నవ్వించమంటావా?"

నేను పెట్టె తీశాను. మడత విప్పకుండానే తలుపు సందులోంచి చెయ్యి చాపి ఇచ్చాను. ఆయన అందుకున్నాడు. కాసేపటికి తలుపు సందులోంచి చూస్తే ఆ పంచెలో ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు. చేపల పులుసు వండాను, మా అమ్మాయి చేత వడ్డించాను. ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఒరేయ్ అన్న సంగతి ఎత్తలేదు, పడిపోయిన సంగతి ఎత్తలేదు. "మధ్య యాంగిలు గట్టిగానే ఉందంటా?" అని మా అమ్మాయిని అడిగాడు. నేను లోపల నుంచి, "ఉందని చెప్పవే," అన్నాను. సాయంత్రానికి ప్యాంటు ఆరలేదు. ఆ పంచెతోనే బస్సెక్కి గూడెం వెళ్ళాడు.

తర్వాత రోజు నేను చెరువు మధ్యలో ఉండగా ఫోను మోగింది. మా వియ్యపురాలు.

"మావాడు నిన్న ఎవరిదో పంచె కట్టుకుని దిగాడండీ వదినగారూ. ఎవరిదిరా అంటే మావయ్యదన్నాడు. పోయినవాళ్ళ బట్ట బతికున్నవాడికి కట్టి పంపడం మీ వైపు ఉందాండీ?"

"లేదండీ వదినగారూ."

"ఉండదనే అనుకున్నానండీ. ఏం లేదు, కనుక్కుందామని. పారేద్దామంటే వాడు నా మాట వినడం లేదండీ. ఉతికి దండెం మీద ఆరేసుకున్నాడు. ముట్టుకోనివ్వడం లేదు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

ఫోను పట్టుకున్న చెయ్యంతా తౌడే. ఆవిడ అవతల ఆగి ఉంది, ఏమంటానో అని. "సంచులు తడిసిపోతున్నాయండీ వదినగారూ, మళ్ళీ చేస్తాను," అని పెట్టేశాను.

సంచులేమీ తడవడం లేదు. పడవలో చుక్క నీరు లేదు.